చూసి, విని, మళ్ళీ చూడటం: కాకతీయ గుడుల మీద ప్రసంగం, యాత్ర కలిపి ఏర్పాటు చేసే పద్ధతి

మన ఊళ్ళలో చారిత్రక యాత్రలు ఎక్కువగా ఒకే మూసలో నడుస్తాయి. శనివారం హాల్లో గంటన్నర ఉపన్యాసం. ఆదివారం బస్సులో ఆరేడు చోట్లు, ఒక్కో చోట పావుగంట, చివర గుంపు ఫొటో. వారం తర్వాత ఎవరినైనా "రామప్ప గుడి గోడలు ఏ రాయి?" అని అడిగితే ఇసుకరాయి అని చెప్పేవాళ్ళు అరుదు. విన్నదంతా చూడకముందే వినేశారు కాబట్టి చెవిలో నిలవలేదు. చూసేటప్పుడు ఏం వెతకాలో తెలియలేదు కాబట్టి కంట్లోనూ నిలవలేదు.

అందుకని క్రమం మార్చాలి. ముందు కాసేపు ఊరికే చూడాలి, తర్వాత వినాలి, మళ్ళీ వెళ్ళి చూడాలి. ఈ మూడు మెట్లకు హనుమకొండ వేయిస్తంభాల గుడి, పాలంపేట రామప్ప గుడి చక్కగా కుదురుతాయి. మొదటిది 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. రెండోది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఒంటి గర్భగుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. రెండింటికీ మధ్య యాభై ఏళ్ళు. రోడ్డు మీద డెబ్భై కిలోమీటర్ల లోపే. కింద చెప్పిన లెక్కలన్నీ నలభై మంది బృందానికి.

ఎనిమిది వారాల ముందు: ఒకే ఒక్క ప్రశ్న

"కాకతీయ శిల్పకళా వైభవం" అని శీర్షిక పెడితే వక్త అన్నీ చెప్పాల్సి వస్తుంది, అన్నీ చెప్పబోతే ఏదీ మిగలదు. శీర్షికను ప్రశ్నగా పెట్టండి. ఈ రెండు గుళ్ళకూ బాగా పనికొచ్చే ప్రశ్న: "రాతిగుడి మీద ఇటుక శిఖరం ఎందుకు?"

రామప్పలో గోడలు ఇసుకరాయి, స్తంభాలూ దూలాలూ గ్రానైటు, డోలరైటు (గట్టి నల్లరాయి). అంత రాతిపని చేసినవాళ్ళు శిఖరానికి వచ్చేసరికి ఇటుక వాడారు. అదీ నీళ్ళలో తేలేంత తేలికైన, బోలు బోలుగా ఉండే ఇటుక. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే పునాది, దూలం, స్తంభాల మధ్య ఎడం, కప్పు బరువు అన్నీ వాటంతటవే వస్తాయి. పైగా వేయిస్తంభాల గుడికి ఇవాళ శిఖరాలు లేవు. అక్కడ నిలబడినవాళ్ళు "పైన ఏముండేది?" అని అడగకుండా ఉండరు. మీ ప్రసంగానికి అదే నాంది.

వక్తకు రాయాల్సిన ఉత్తరం

చరిత్ర శాఖ అధ్యాపకులు, పురావస్తు శాఖలో పనిచేసి రిటైరైనవాళ్ళు, కట్టడాల పరిరక్షణ తెలిసిన ఆర్కిటెక్టులు, శాసనాలు చదవగలిగినవాళ్ళు. వీళ్ళలో ఎవరైనా సరే, మర్నాడు రామప్ప దగ్గర కూడా ఉండగలిగేవాళ్ళనే పిలవండి. హాల్లో ఒకరు, గుడి దగ్గర మరొకరు అయితే తాడు తెగుతుంది.

ఉత్తరంలో అయిదు సంగతులు స్పష్టంగా ఉండాలి: ప్రశ్న ఏమిటి, వినేవాళ్ళెవరు (టీచర్లా, పిల్లలున్న కుటుంబాలా, ఇంజనీర్లా), ప్రసంగం 45 నిమిషాలు, ప్రశ్నలకు 25 నిమిషాలు, గౌరవ పారితోషికం ఎంత, ప్రయాణం, బస ఎవరు చూస్తారు. పారితోషికం సంగతి మొహమాటపడి వదిలేయడం మన దగ్గర మామూలే. ఆ మొహమాటం వక్తకే ఇబ్బంది. ఎంత ఇవ్వగలరో మొదటి ఉత్తరంలోనే రాయండి.

ఒక షరతు కూడా మర్యాదగా పెట్టండి: రామప్పలో చూడబోయే వాటిలో ముఖ్యమైన మూడింటి ఫొటోలు ప్రసంగంలో చూపించొద్దని. మర్నాడు కళ్ళారా మొదటిసారి చూసే సంతోషాన్ని హాల్లోనే ఖర్చు చేయకూడదు.

తేదీ

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మంచి కాలం. ఎండ ఒక్కటే కాదు, పాదాల సంగతి కూడా చూడాలి. రామప్ప గుడి దాదాపు ఆరడుగుల ఎత్తు జగతి, అంటే రాతి అరుగు, మీద ఉంటుంది. చెప్పులు విప్పే పైకెక్కాలి, ఆ జగతికి కప్పు లేదు. మార్చి దాటాక పదకొండు గంటలకే రాయి కాలి, జనం వివరణ వినడం మానేసి నీడ వెతుక్కుంటారు.

తప్పించాల్సిన రోజులు: మహాశివరాత్రి, కార్తీక సోమవారాలు, పెద్ద సెలవుల వారాంతాలు. రామప్ప పూజలందుకుంటున్న గుడి, దర్శనానికి వచ్చేవాళ్ళకే మొదటి హక్కు. రెండేళ్ళకోసారి మాఘంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఏడాదైతే, జాతరకు ముందూ వెనకా వారాలు ములుగు రోడ్డు జోలికే పోవద్దు. గంటన్నర దారికి సగం రోజు పడుతుంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం. రెండోది మన పనికి సరిగ్గా సరిపోయే కాలం.

అనుమతులు

రెండు గుళ్ళూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. నలుగురితో కలిసి వెళ్ళి చూసి రావడానికి అనుమతి అక్కర్లేదు. కానీ 1959 నాటి నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో సభ, విందు, వినోద కార్యక్రమం లాంటివి జరపాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. బ్యానరు కట్టి, మైకు పెట్టి, కుర్చీలు వేస్తే నడక కాస్తా సభ అయిపోతుంది. అందుకే ప్రసంగం బయట హాల్లో పెట్టండి, గుడి దగ్గర నడక మాత్రమే ఉంచండి. ట్రైపాడ్, డ్రోన్ లాంటివి వాడే ఆలోచన ఉంటే ముందే అడగాలి. డ్రోన్ అయితే అసలు పెట్టుకోకపోవడమే మేలు.

అనుమతి అవసరం లేకపోయినా, నలభై మంది వస్తున్నారని శాఖ హైదరాబాదు సర్కిల్ కార్యాలయానికి, గుడి దగ్గరి సిబ్బందికి ఆరు వారాల ముందే ఒక ఉత్తరం ఇవ్వండి. తేదీ, గంటలు, సంఖ్య, బాధ్యుల ఫోను నంబరు ఉంటే చాలు. మరమ్మతుల కోసం ఏ భాగమైనా మూసి ఉంటే ముందే తెలుస్తుంది.

నాలుగు వారాల ముందు: అదే వేళకు వెళ్ళి చూసి రండి

మధ్యాహ్నం పన్నెండుకు వెళ్ళి చూసొచ్చి పొద్దున ఏడున్నర కార్యక్రమం తయారు చేస్తే తప్పుతుంది. బృందం వెళ్ళే వేళకే వెళ్ళండి. రామప్ప తూర్పు ముఖం. పొద్దుటి వెలుతురు ముందు భాగం మీద ఏటవాలుగా పడి చెక్కడాలన్నీ లేచి కనిపిస్తాయి. నడినెత్తిన ఎండ ఉంటే చూరు కింది మదనికలు (స్త్రీమూర్తులు) చీకట్లోకి పోతాయి. పడమటి గోడకు మధ్యాహ్నం దాటాకే వెలుతురు.

చూసి రాయాల్సినవి: బస్సు ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి ద్వారం దాకా ఎన్ని నిమిషాలు, మరుగుదొడ్లు ఎన్ని, వాటిలో నీళ్ళొస్తున్నాయా, జగతి మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు కింద ఎక్కడ కూర్చోవచ్చు, నలభై మంది నీడలో నిలబడే చోటు ఏది. ఫోను సిగ్నలు మీద ఆధారపడే ఏర్పాట్లు (మ్యాపులు, చెల్లింపులు) ఏవైనా ఉంటే అక్కడ పరీక్షించి చూడండి.

కాగితం: మూడు గళ్ళు

పంచిపెట్టే కాగితం ఒక్కటే ఏ4, రెండు వైపులా. ఒక వైపు గుడి నేల పటం, భాగాల పేర్లు: జగతి, అధిష్ఠానం (గోడ అడుగు పీఠం), కక్షాసనం (మండపం అంచున రాతి అరుగు), రంగమండపం (నడిమి మండపం), అంతరాళం (గర్భగుడి ముందు గది), గర్భగుడి, ప్రస్తరం (స్తంభాల పైన దూలాలు, చూరు ఉండే వరస), శిఖరం. రెండో వైపు మూడు గళ్ళు గీసి ఖాళీగా వదలండి. వాటి తలలు: "శాసనం చెప్పేది", "కట్టడం చూపేది", "జనం చెప్పేది". ఎవరు ఏ సంగతి చెప్పినా, వక్త చెప్పినా సరే, విన్నవాళ్ళు దాన్ని సరైన గడిలో రాసుకోవాలి. ఈ మొత్తం పద్ధతిలో ఏదైనా ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి.

రేచర్ల రుద్రుడు కట్టించాడన్నది శాసనం గడిలోకి పోతుంది. గోడలు ఇసుకరాయి, శిఖరం ఇటుక అన్నది కట్టడం గడి. రామప్ప అన్నది శిల్పి పేరు అన్నది జనం గడి. జనం గడి తక్కువదేం కాదు. గుడిని కట్టించినవాడి పేరుతో కాకుండా చెక్కినవాడి పేరుతో తలుచుకునే ఊరి జ్ఞాపకం కూడా విలువైనదే. దాన్ని శాసనంలో ఉందని చెప్పకూడదు, అంతే. కట్టడానికి నలభై ఏళ్ళు పట్టిందన్న మాటా అలాంటిదే. యునెస్కో కూడా దాన్ని నమ్మకంగానే పేర్కొంది.

కాకతీయుల నాటి వీరనాట్యం పేరిణి సంగతి ఈ గళ్ళకు మంచి పరీక్ష. రామప్ప నాట్య శిల్పాలను గణపతిదేవుడి సేనాని జాయప రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి చూసి చెక్కారని చాలామంది అంటారు. గుడి శాసనం 1213. ఆ గ్రంథం 1253-54. నలభై ఏళ్ళ తర్వాత రాసిన పుస్తకం చూసి శిల్పి ఎలా చెక్కుతాడు? రెండూ ఒకే నాట్య సంప్రదాయాన్ని చూపిస్తున్నాయి అనడం వరకే న్యాయం. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఇరవయ్యో శతాబ్దంలో పేరిణికి మళ్ళీ ప్రాణం పోసినప్పుడు గ్రంథాన్నీ, శిల్పాలనూ పక్కపక్కన పెట్టి చూశారు.

కాగితం మీద శక సంవత్సరం లెక్క కూడా ఒక మూల వేయండి. 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు, ఎప్పుడు 79 కలపాలో తెలియదు. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కనుక పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఇంగ్లీషు క్యాలెండరులో వచ్చే ఏడాదిలో పడతాయి. వేయిస్తంభాల గుడి శాసనం తేదీ శక 1084, చిత్రభాను నామ సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం. 78 కలిపితే 1162. కానీ మాఘం కాబట్టి 79 కలపాలి. అప్పుడు 1163 జనవరి 19 వస్తుంది, లెక్క కడితే ఆ రోజు శనివారమే. ఇది పిల్లల చేత కట్టించండి. వారం కుదిరినప్పుడు వాళ్ళ మొహాలు చూడాల్సిందే.

శనివారం, మధ్యాహ్నం మూడున్నర: వేయిస్తంభాల గుడి

ఇక్కడ వివరణ వద్దు. ఒక్కొక్కరికీ ఏ5 కాగితాల పుస్తకం, 2బి పెన్సిలు ఇవ్వండి. ఒక స్తంభం ఎంచుకుని పది నిమిషాలు గీయమనండి. బొమ్మ రాదనేవాళ్ళకు: "బొమ్మ అక్కర్లేదండీ, కింద నుంచి పైకి ఎక్కడెక్కడ ఆకారం మారిందో గీతలు పెట్టండి చాలు."

గీసేటప్పుడు తెలుస్తుంది. కింద చదరపు దిమ్మె, పైకి పోయేకొద్దీ పలకలు పెరగడం, గుండ్రని భాగంలో గాజుల దొంతరలా ఒకదాని మీద ఒకటి సన్నని కట్లు, మళ్ళీ చదరం, పైన దూలాన్ని మోసే బోదె. నున్నని నల్లరాయిలో మన నీడ కనిపిస్తుంది. ఫొటో తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళకు ఇవేవీ పట్టవు. తర్వాత అందరినీ ఒక దూలం కింద నిలబెట్టి రెండు స్తంభాల మధ్య ఎన్ని అడుగులుందో పాదాలతో కొలవమనండి. అంకె రాసుకోవాలి, రాత్రి పనికొస్తుంది. ముప్పావు గంట చాలు.

సాయంత్రం ఆరు: ప్రసంగం

హాల్లో చెడిపోయేవి ఎప్పుడూ అవే. తెలుగు అక్షరాలు డబ్బాలుగా మారిపోవడం: వక్త ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫాంటు హాలు కంప్యూటర్లో ఉండదు. స్లైడ్లు పీడీఎఫ్‌గా కూడా తెమ్మనండి. ప్రొజెక్టరు వైరు కుదరకపోవడం: హెచ్‌డీఎంఐ, వీజీఏ, టైప్-సి మూడింటికీ పనికొచ్చే అడాప్టరు దగ్గర ఉంచుకోండి. వెలుతురు: నల్లరాతి శిల్పాల ఫొటోలు వెలుగుతున్న హాల్లో మసిముద్దలా కనిపిస్తాయి, తెర దగ్గరి లైట్లు విడిగా ఆర్పగలిగే హాలే తీసుకోండి. స్లైడ్లు నలభై దాటకూడదు. ప్రతి ఫొటోలో మనిషో, స్కేలో ఉంటే తప్ప పరిమాణం తెలియదు. సన్మానం, శాలువా, అతిథుల పరిచయాలు అన్నీ కలిపి పది నిమిషాలు, అవీ చివర్లో.

ప్రసంగం మధ్యలో ఒక ప్రయోగం పెట్టండి. పారదర్శకమైన బకెట్లో ముప్పావు వంతు నీళ్ళు. మామూలు ఎర్ర ఇటుక ముక్క వేస్తే మునుగుతుంది, దాని సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు పైనే. ఇప్పటి ఇళ్ళకు వాడే ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మ) ముక్క, అరచేతి మందం, వేస్తే తేలుతుంది. సాంద్రత నీటిలో సుమారు అరవై శాతం కాబట్టి. రామప్ప ఇటుక ఏఏసీ కాదు, తయారీ వేరు. కానీ కిటుకు ఒకటే: లోపల గాలి గదులు. ముక్క ఆరినదై ఉండాలి. ముందురోజు పరీక్షించి తడిముక్కే మళ్ళీ వాడితే నీరు పీల్చుకుని బాగా కిందికి దిగి తేలుతుంది, ప్రయోగం పేలవంగా ఉంటుంది.

ఆ వెంటనే దూలం సంగతి. రాయి నొక్కుడుకు గట్టిది, వంపుకు బలహీనం. దూలం మీద బరువు పడితే అడుగు భాగం సాగుతుంది, రాయి సాగలేక అక్కడే చిట్లుతుంది. అందుకే రాతిగుళ్ళలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. మధ్యాహ్నం పాదాలతో కొలిచిన ఎడం ఇప్పుడు అర్థమవుతుంది. పైన బరువు తగ్గించుకోవడం ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. పునాదిలో ఇసుక నింపిన పద్ధతి గురించి కూడా ఇక్కడే రెండు మాటలు, అంతకు మించి వద్దు.

ప్రశ్నల సమయంలో ఒకరిద్దరు లేచి ప్రశ్నకు బదులు ప్రసంగం చేస్తారు. కట్టించినవాళ్ళ కులం, కూల్చినవాళ్ళ మతం మీదికి మాట మళ్ళుతుంది. మైకు వాళ్ళ చేతికివ్వకుండా వాలంటీరే పట్టుకోవాలి. అధ్యక్షుడు నెమ్మదిగా ఒకటే అడగాలి: "అయ్యా, ఈ మాట ఏ గడిలో రాయమంటారు?" కాగితం అందరి చేతిలో ఉంటుంది కనుక హాలే జవాబు చెబుతుంది.

ఆదివారం: రామప్ప

అయిదుముప్పావుకి బస్సు కదలాలి. సీట్లు నలభై ఉంటే పేర్లు నలభై నాలుగు రాసుకోండి, చిన్న అడ్వాన్సు తీసుకోండి. పూర్తిగా ఉచితమంటే పొద్దున లేవనివాళ్ళు ఎక్కువ. టిఫిన్ పొట్లాలు బస్సులోనే పంచండి, ఆవరణలో తినకూడదు. నీళ్ళు మనిషికి రెండు లీటర్ల లెక్కన నాలుగు ఇరవై లీటర్ల డబ్బాలు, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. ఇంకా కావలసినవి: మడత స్టూళ్ళు ఆరు, ఎనిమిది రెట్ల బైనాక్యులర్లు నాలుగు, పుస్తకమంత అద్దాలు రెండు, మంచి టార్చి రెండు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మందుల పెట్టె, దళసరి నూలు మేజోళ్ళు.

ఏడున్నరకు చేరాక అందరినీ ఇరవై చొప్పున రెండు జట్లు చేయండి. ఒక జట్టు జగతి కిందనుంచి, ఇంకో జట్టు పైనుంచి మొదలుపెట్టాలి. గొంతుకు అందేది ఇరవై మందే. నడుముకు కట్టే చిన్న స్పీకర్లు బయట సరే గానీ, రంగమండపంలో పూజారి గారి మంత్రం మీద మన గొంతు పడకూడదు.

మొదటి చుట్టు దూరంగా. శిఖరం మొత్తం కనిపించే చోట నిలబడి రంగు ఎక్కడ మారిందో చూపమనండి: ఎర్రటి ఇసుకరాయి, నల్లటి డోలరైటు, పైన ఇటుక. రెండో చుట్టు దగ్గరగా, ప్రదక్షిణగానే, గోడ అడుగున సాగే ఏనుగుల వరసను కంటితో పట్టుకుని. పిల్లలు లెక్కపెడతారు, పెట్టనివ్వండి. ఒకదానిలా ఇంకోటి లేదని వాళ్ళే కనిపెడతారు.

తర్వాత మదనికలు. మూడు ద్వారాల దగ్గర చూరును మోస్తున్నట్టు ఏటవాలుగా నిలబడ్డ పన్నెండు స్త్రీమూర్తులు. బైనాక్యులరు ఇక్కడికే. ఒకామె కాలికి మడమ ఎత్తు పాదరక్ష ఉందని అందరూ దాన్నే చూపిస్తారు. అది చూశాక ఇంకో నిమిషం ఆపి, నగ కంఠం మీద పడిన చోట చెక్కిన సన్నని నీడ ఎంత లోతో చూపించండి. అంత గట్టి రాయిలో ఆ పని.

రంగమండపంలోకి పన్నెండు మందికి మించి ఒకసారి వద్దు. నేల చదునుగా ఉండదు, పైకి చూస్తూ నడిస్తే పడతారు. కప్పు చూడటానికి అద్దం నడుము దగ్గర అడ్డంగా పట్టుకోమనండి, మెడ నొప్పి లేకుండా నడిమి కప్పు అంతా కనిపిస్తుంది. ఎండ లోపలికి మళ్ళించడానికీ అద్దమే, దర్శనం చేసుకునేవాళ్ళ కళ్ళలో పడకుండా. నాణెంతో శిల్పాన్ని తట్టి రాగం వినడం, రంధ్రాల్లో పుల్లలు దూర్చడం, తేలుతుందో లేదో చూడ్డానికి ఇటుక పెళ్ళ గిల్లడం, ఈ మూడూ వద్దని బస్సులోనే చెప్పాలి. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అంతకన్నా, గిల్లిన పెళ్ళ మళ్ళీ రాదు.

శాసనం చివర్లో చూపించండి. భాష సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు-కన్నడం. అక్షరాలు కనిపించడానికి సున్నం, పిండి, నూనె, నీళ్ళు ఏదీ రాయొద్దు. టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే గాట్లలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. ఎదురుగా వేస్తే అంతా చదునైపోతుంది. మొత్తం చదివించబోకండి. ఇప్పటి అక్షరానికి దగ్గరగా ఉన్న నాలుగైదు అక్షరాలు ఎవరికి వాళ్ళను వెతుక్కోమనండి. "ఇది గ కదూ!" అని ఒకరు అన్నాక మిగతావాళ్ళు అక్కణ్ణుంచి కదలరు.

పదిన్నరకల్లా ముగించాలి. ఓపిక ఉన్నవాళ్ళకు దగ్గర్లోనే గణపురం కోటగుళ్ళు, చిన్నా పెద్దా ఇరవై రెండు గుళ్ళ సముదాయం. లక్నవరం, భద్రకాళి, ఖిలా వరంగల్ కూడా ఇదే రోజు కలపమని ఎవరో ఒకరు అడుగుతారు. ఖిలా వరంగల్ తోరణాలకు ఇంకో శనివారం పెట్టండి.

దారిలో ఎక్కడైనా పెంకు ముక్కో, నాణెమో దొరికితే తీయకుండా ఉన్నచోటే ఫొటో తీసి సిబ్బందికి చెప్పాలి. ముక్క దొరికిన చోటే దాని చరిత్ర, జేబులో పడితే అది ఉత్త పెంకే.

తర్వాతి వారం

మూడు గళ్ళ కాగితాలు తిరిగి తీసుకుని, ఫొటో తీసి, ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. ఎక్కువమంది తప్పు గడిలో రాసిన సంగతులు ఏవో వక్తకు పంపండి, వచ్చే ప్రసంగం అక్కణ్ణుంచి మొదలుపెడతారు. ఫొటోలకు చోటు, దిక్కు, తేదీ పేరులోనే పెట్టండి: "రామప్ప-తూర్పు ద్వారం-ఎడమ మదనిక-తేదీ" అన్నట్టు. ఎక్కడైనా కొత్త పగులు, గిల్లిన గుర్తు, గీకిన పేర్లు కనిపించి ఉంటే ఆ ఫొటోలు వేరు చేసి, పక్కన స్కేలు కనిపించే వాటిని మాత్రం, ఒక పేజీ ఉత్తరంతో శాఖ కార్యాలయానికి పంపండి. మరుసటి ఏడాది అదే చోట, అదే వేళకు, అదే దూరం నుంచి మళ్ళీ తీయండి.